‘పార్టు రావాలి’ అని ఎనిమిది నెలలు

కాజీపేట నుంచి రాసిన ఈ పాఠకుడు తన పేరు వెయ్యవద్దన్నారు. వయసు 46. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతారు. ఉత్తరం పొడవైనది, అక్షరం ముత్యాల కోవ. సారాంశం ఇది.

వారి తాతగారు నిజాం స్టేట్ రైల్వే ఉద్యోగి. ఆ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. ఆ మరుసటి ఏడు తాతగారు సికింద్రాబాదులో ఒక వెస్ట్ ఎండ్ వాచీ కొనుక్కున్నారు. డయల్ మీద ‘సోవార్ ప్రైమా’ అని ఉంటుంది. 1971లో అది ఆయన కొడుకు, అంటే ఈ పాఠకుడి తండ్రి చేతికి వచ్చింది. ఆయన కూడా రైల్వేలోనే గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. రోజూ పొద్దున కాఫీకి ముందు వాచీకి కీ ఇవ్వడం, రేడియో వార్తలతో సరిచూసుకోవడం ఆయన అలవాటు. కిందటేడు వాచీ రోజుకు పావుగంట చొప్పున వెనకబడటం మొదలుపెట్టింది. బాగుచేయించుకొస్తానని ఈ పాఠకుడు తీసుకున్నారు.

‘‘దుకాణానికి ఇవ్వాలనే బయలుదేరాను. ఆ ముందు రాత్రి నాలుగు వీడియోలు చూశాను. ఐదేళ్లుగా పిల్లలకు డోలనాలు చెబుతున్నవాడిని, ఇంత చిన్న యంత్రం నాకు లొంగదా అనిపించింది. భోజనాల బల్ల మీద తెల్లకాగితం పరిచి వెనక మూత తెరిచాను. కీ పూర్తిగా ఇచ్చి ఉందన్న సంగతి మరిచి ఒక స్క్రూ విప్పాను. లోపల ఒక చక్రం గిర్రున తిరిగింది, వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి ఎగిరి ఎటో పోయింది. కంగారులో అటూ ఇటూ ఊగే చక్రాన్ని బయటికి లాగాను. దాని చుట్టల స్ప్రింగు పట్టకారుకు చిక్కి సాగిపోయింది. మళ్లీ పెట్టి స్క్రూ బిగించినప్పుడు ‘టిక్’మని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. ముళ్ల మీది గోధుమరంగు ముద్ద కూడా కొంత పొడిగా రాలింది, ఊదేశాను.’’

తరవాత ఒక దుకాణానికి తీసుకువెళ్లారు. స్టాఫ్ (ఊగే చక్రం ఇరుసు) విరిగింది, హెయిర్ స్ప్రింగు (ఆ చక్రం చుట్టల స్ప్రింగు) పాడైంది, వెస్ట్ ఎండ్ పార్టులు ప్రపంచంలో ఎక్కడా లేవు, లోపల బ్యాటరీ మిషను పెట్టించుకోండి, డయల్ కూడా కొత్తగా రంగు వేయిస్తాం అన్నారట. ఈయన ఒప్పుకోలేదు. వాచీ ఇప్పుడు ఒక మాత్రల డబ్బాలో దూదిలో ఉంది.

తండ్రికి మాత్రం నిజం చెప్పలేదు. వారానికొకసారి ‘‘వాచీ వచ్చిందా?’’ అని ఆయన అడుగుతారు, ‘‘పార్టు రావాలి నాన్నా’’ అని ఈయన అంటారు. ఎనిమిది నెలలుగా ఇదే. ఈ మాఘంలో పెద్దాయనకు సహస్ర చంద్ర దర్శనం. అక్కగారి కొడుకు ఈమధ్యే రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌గా చేరాడు. ఆ రోజు బంధువులందరి ముందూ మనవడి చేతికి ఆ వాచీ కట్టాలని పెద్దాయన కోరిక. అక్కగారికి సంగతి తెలుసు. ఇంటర్నెట్‌లో అలాంటిదే ఇంకొకటి అమ్మకానికి ఉంది, కొని పెట్టేద్దాం, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లకు తేడా ఏం తెలుస్తుంది అంటున్నారు. భార్య మాత్రం వెళ్లి చెప్పేయమంటున్నారు. ‘‘పార్టులు నిజంగా దొరకవా? దొరికితే ఎలా వెతకాలి? సర్వీసు పుస్తకం దొరుకుతుందా? అక్క మాట వినాలా, ఆవిడ మాట వినాలా? మూత లోపలివైపు ఎవరో సూదితో గీసి పాడుచేశారు కూడా: కె 3-58, ఎస్ 9-66, ఎస్ 2-74, ఇంకొకటి చదవడానికి రావడం లేదు, 89 మాత్రం కనిపిస్తోంది. దాన్ని నునుపు చేయించవచ్చా?’’ అని అడిగారు.

మాస్టారూ,

మీ ఉత్తరంలో ‘హత్య’ అన్న మాట మూడుసార్లు వచ్చింది. ముందు దాన్ని కొట్టేయండి. మీరు చేసింది గాయం. ఎంత లోతుగా తగిలిందో చూద్దాం.

నా చిన్నతనం సగం తెనాలిలో మా మేనమామ వాచీ దుకాణంలో గడిచింది. పని నేర్చుకోలేదు, కింద పడిన స్క్రూలు వెతికిపెట్టడమే నా ఉద్యోగం. టార్చిలైటును నేల మీద పడుకోబెట్టి వెలిగిస్తే నలుసంత స్క్రూకు కూడా బారెడు నీడ పడుతుంది, నీడను పట్టుకుని వస్తువును చేరుకోవాలి. ఆ రాత్రి మీరు ఆ పని చేసి ఉంటే స్ప్రింగు దొరికేది. ఎనిమిది నెలల చీపురు తరవాత ఆ ఆశ వద్దు.

అయితే పోయింది చిన్నదే. మీరు విప్పింది క్లిక్ స్క్రూ అయి ఉంటుంది. కీ ఇస్తున్నప్పుడు కిరకిరమనేది క్లిక్ అనే ఆ కొక్కెమే. కీ ఇస్తే చుట్టుకుని వాచీని నడిపించే మెయిన్ స్ప్రింగు వెనక్కి జారకుండా పట్టి ఉంచేది అది, దాన్ని పళ్లలోకి నెట్టి ఉంచేది ఎగిరిపోయిన ఆ స్ప్రింగు. మా మామయ్య అలాంటివి ఉక్కు తీగ ముక్క వంచి అక్కడికక్కడే చేసేవాడు. గిర్రున తిరిగిన చక్రం పళ్లు, మెయిన్ స్ప్రింగు కొన ఒకసారి చూడమని రిపేరు చేసేవారికి చెప్పండి. మెయిన్ స్ప్రింగు పాడైనా భయం లేదు. దాని వెడల్పు, మందం, పొడవు కొలిచి, ఆ కొలతలకు సరిపోయే కొత్తది ఇప్పటికీ తెప్పించుకోవచ్చు.

అసలు దెబ్బ రెండోది. మీరు విన్న ఆ ‘టిక్’ బ్యాలెన్స్ స్టాఫ్ కొన విరిగిన చప్పుడు. ఊగే చక్రానికి ఇరుసు అది, కొన మందం మిల్లీమీటరులో పదోవంతు. అది రాతి గుంటలో కూర్చోకముందే పైనుంచి స్క్రూ బిగిస్తే విరగక ఏం చేస్తుంది? ఆ కాలపు చేతివాచీల్లో ఎక్కువభాగం గంటకు 18,000 కొట్టేవి, అంటే సెకనుకు ఐదు. డోలనాల లెక్క మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: హెయిర్ స్ప్రింగును దాని చక్రానికి సరితూచి అమరుస్తారు. అందుకే వేరేదాని స్ప్రింగు తెచ్చి మీ చక్రానికి తగిలిస్తే సమయం నిలవదు. సాగిన స్ప్రింగును సూక్ష్మదర్శిని కింద సరిచేయగల చేతులు ఇంకా ఉన్నాయి. అది కుదరకపోతే చక్రం, ఇరుసు, స్ప్రింగు మూడూ కలిసిన మొత్తం బ్యాలెన్స్‌నే మార్చాలి.

మిగతా సంగతులకు ముందు ఒక మాట కొంచెం గట్టిగా చెప్పాలి. ముళ్ల మీద నుంచి రాలిన ఆ గోధుమరంగు పొడిని ఊదేశానన్నారు. 1950ల నాటి వాచీల్లో చీకట్లో మెరవడానికి పూసిన ఆ ముద్దలో రేడియం ఉండే అవకాశం ఎక్కువ. దాని మెరుపు ఎప్పుడో పోయి ఉంటుంది, ఎందుకంటే మెరిసే జింక్ సల్ఫైడు అరిగిపోతుంది. రేడియం అరగదు. దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లని పిల్లలకు చెప్పేది మీరే. మూత, అద్దం బిగించి ఉన్న వాచీని కట్టుకోవడం ఒక సంగతి, పొడిని పీల్చడం, మింగడం వేరే సంగతి. వాచీ ఉన్న ఆ డబ్బాను మూతపెట్టే సంచిలో వేసి, పిల్లలకు అందకుండా, పడకగది బయట పెట్టండి. ఆ బల్లను, కింది నేలను చేతి తొడుగులతో, తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి. చీపురు, ఊదడం వద్దు. డయల్ తీసే ఎవరికైనా ఈ సంగతి ముందే చెప్పండి. రంగు వేయించమన్నవారు పాత ముద్దను గోకి తీస్తారు, వాళ్ల ఊపిరితిత్తులకు కూడా అది మంచిది కాదు.

ఇక ప్రపంచంలోనే లేవన్న పార్టుల సంగతి. దుకాణం వారు అబద్ధమాడారని నేననను. వాళ్లు ‘వెస్ట్ ఎండ్ పార్టు’ కోసం అడిగి ఉంటారు. అలా అడిగితే ఎక్కడైనా లేదనే చెబుతారు. వెస్ట్ ఎండ్ కంపెనీ స్విస్ వాచీలను పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి బొంబాయి, కలకత్తాల మీదుగా మన దేశంలో అమ్మింది. సోవార్ అంటే మన సవారే, గుర్రపు సిపాయి. పేరు వెస్ట్ ఎండ్‌దే. లోపలి మిషన్లు మాత్రం వేరే కర్మాగారాలవి, తొలి రోజుల్లో కొన్నింటిలో లాంజీన్ మిషన్లు ఉండేవి. స్విస్ వాచీల వ్యాపారమే అలా నడిచింది. ఊరందరి పిండీ ఒకే మరలో ఆడుతుంది, రొట్టె మాత్రం ఏ ఇంటి పేరుతో ఆ ఇంటిది. ఎ.ఎస్. అనే గుర్తుతో ఎ. షిల్డ్, ఎఫ్.హెచ్.ఎఫ్. అనే గుర్తుతో ఫాంటెన్‌మెలాన్ కర్మాగారం, ఈటీఏ, యూనిటాస్, పెసో, ఫెల్సా వంటివారు మిషన్లు చేసి వందల పేర్లవాళ్లకు అమ్మారు. వీరిలో చాలామంది 1926లో పుట్టిన ఏబోష్ ఎస్.ఏ. అనే సమాఖ్య కింద చేరారు. 1969 డిసెంబరులో సీకో బ్యాటరీతో నడిచే తొలి క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టింది. ఆ దెబ్బకు తరవాతి పదిహేనేళ్లలో ఈ కర్మాగారాలు చాలావరకు మూతపడటమో ఈటీఏలో కలిసిపోవడమో జరిగింది. అవి చేసిన పార్టులు మాత్రం ఎటూ పోలేదు. పొట్లాల్లో, డబ్బాల్లో, విడిపార్టులు అమ్మే వాచీ మెటీరియల్ దుకాణాల సొరుగుల్లో ఉన్నాయి. వాటిని పేరుతో అడిగితే దొరకవు, నంబరుతో అడగాలి.

కాబట్టి మీ మొదటి పని మిషను నంబరు కనుక్కోవడం. బ్యాలెన్స్ చక్రం తీసేసిన చోట, అడుగు పలక మీద, అంచుకు దగ్గరగా చూడండి. అద్దం కింద పెడితే చిన్న ముద్ర, దాని పక్కన అంకెలు కనిపించవచ్చు. ముద్ర చేసినవారి గుర్తు, అంకె ఆ నమూనా సంఖ్య. పైన వంతెన (చక్రాలను పట్టి ఉంచే పై పలక) మీద పెద్దక్షరాలతో ఉండే ‘వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, 17 జ్యుయెల్స్’ ఎంత చదివినా లాభం లేదు, అది అమ్మినవారి పేరు. బ్యాలెన్స్ మీరెలాగూ పీకేశారు కనుక ఈ ఒక్క విషయంలో మీ పని సులువైంది. (క్షమించండి, నోరు ఊరుకోలేదు.)

అక్కడ ముద్ర లేకపోతే డయల్ కింద ఉంటుంది. అక్కడా లేకపోతే రెండు ఆధారాలు చాలు. ఒకటి మిషను వ్యాసం. స్విస్‌వాళ్లు దీన్ని లీన్యు అనే పాత కొలతలో చెబుతారు, ఒక లీన్యు అంటే 2.256 మిల్లీమీటర్లు. పదిన్నర లీన్యుల మిషను దాదాపు 23.7 మిల్లీమీటర్లు అవుతుంది. మీ ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉండే ఉంటాయి. రెండోది డయల్ కింద కీ దగ్గర ఉండే సెట్టింగ్ లీవర్ స్ప్రింగు ఆకారం. దాన్ని మిషను వేలిముద్ర అనుకోండి, ఒక్కో నమూనాకు ఒక్కో వంపు ఉంటుంది. జోబాన్ అనే ఆయన 1930లలో జెనీవాలో అచ్చువేసిన వర్గీకరణ పుస్తకం, న్యూయార్క్‌లోని జాడో వారి బెస్ట్‌ఫిట్ కేటలాగు, జర్మనీలో ఫ్లూమె వారి మిషను సూచిక, మూడూ ఈ పద్ధతి మీదే నడుస్తాయి. వ్యాసం చూసి పేజీ తీయాలి, వంపుల బొమ్మలతో పోల్చాలి. డయల్ మాత్రం మీరు తీయకండి. ఒక రిపేరు చేసేవారితో తీయించి, ఫోనుతో దగ్గరగా ఫొటో తీసుకోండి. మీరు మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదు. పట్టుకోవాలనిపిస్తే హైదరాబాదు జుమేరాత్ బజారులో పాడైపోయిన వాచీ ఒకటి కొనుక్కుని దాని మీద మీ పగ తీర్చుకోండి.

నంబరు తెలిశాక కథ మారిపోతుంది. స్విస్ మిషన్లు చేసినవారు చాలామంది పార్టులకు ఒకే అంకెల పద్ధతి పాటించారు. బ్యాలెన్స్ స్టాఫ్ 723, మొత్తం బ్యాలెన్స్ 721, క్లిక్ 425, దాని స్ప్రింగు 430, కీ కడ్డీ 401. ‘ఫలానా నంబరు మిషనుకు 723 కావాలి’ అని కలకత్తా రాధాబజారులో మెటీరియల్ అమ్మేవారిని అడిగితే వాళ్లు మీతో మాట్లాడే తీరే మారుతుంది. బొంబాయిలో, హైదరాబాదులో మీ రిపేరు మనిషికి మెటీరియల్ ఇచ్చేవారిని కూడా అలాగే అడగమనండి. స్టాఫ్‌లు రోండా వంటి కంపెనీలు కూడా విడిగా చేసి పొట్లాల్లో అమ్మాయి.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. నంబరు తెలిశాక మీకు కావలసింది ఇంకో వెస్ట్ ఎండ్ కాదు. అదే నంబరు మిషను ఉన్న ఏ వాచీ అయినా సరే. డయల్ తుప్పుపట్టి, ముళ్లు ఊడి, ఎవరూ వినని పేరున్న వాచీ అయినా లోపల బ్యాలెన్స్ బాగుంటే చాలు. దానికి పేరు లేదు కనుక ధర కూడా ఉండదు. మీ అక్కగారు చూసిన ఆ మెరిసే వాచీ కంటే మీకు అలాంటి అనాథ ఎక్కువ పనికొస్తుంది. అదే మీది హెచ్ఎంటీ జనతా అయి ఉంటే ఈ తిప్పలేవీ ఉండేవి కావు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీలు మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయంటే, 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపాక కూడా ఏ ఊళ్లోనైనా రిపేరు చేసేవారి డబ్బాలో వాటి పార్టులు దొరుకుతాయి.

సర్వీసు పుస్తకం గురించి కూడా అడిగారు. మిషను తయారీదారులు పార్టుల బొమ్మలు, నూనె వేయవలసిన చోట్లు చూపే పత్రాలు అచ్చువేసేవారు, నంబరు తెలిస్తే వాటి నకళ్లు దొరుకుతాయి. నా మాట వింటే దాని మీద ఎక్కువ రోజులు పెట్టకండి. తేదీ లేని, చేత్తో కీ ఇచ్చే మూడు ముళ్ల వాచీకి పుస్తకం కన్నా మనిషి ముఖ్యం. పెట్రోలులో ముంచి తీసి ఒకే నూనె అన్నిచోట్లా చుక్కలు వేసేవారు కొందరుంటారు. మెయిన్ స్ప్రింగు వైపు చిక్కటి నూనె, బ్యాలెన్స్ కొనలకు పలుచటి నూనె వేరువేరుగా వాడేవారు ఇంకొందరుంటారు. హెయిర్ స్ప్రింగు సరిచేస్తారా, తీసిన పార్టులు తిరిగి ఇస్తారా, బాగుచేశాక, వాచీ ఎంత ముందో వెనకో కొలిచే టైమింగ్ మెషిన్ మీద చూపిస్తారా అని అడగండి. అడిగినందుకు విసుక్కునే మనిషి దగ్గర వాచీ పెట్టకండి. ఆ దూది కూడా తీసేయండి, దాని పోగులు ఇరుసులకు చుట్టుకుంటాయి. ఒక్కో పార్టును విడివిడిగా చిన్న కాగితపు పొట్లాల్లో కట్టి, పైన ఏమిటో రాయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

స్టాఫ్ దొరికితే మార్పించి, హెయిర్ స్ప్రింగు సరిచేయించడం మొదటిది. స్టాఫ్ దొరకకపోతే పాతదాని కొలతలతో లేతు మీద కొత్తది తీయగలిగినవారు అక్కడక్కడా ఉన్నారు. ఇందులో తాతగారి వాచీ తాతగారి వాచీగానే ఉంటుంది, కానీ నెలలు పట్టవచ్చు. మాఘానికి అందుతుందని నేను మాట ఇవ్వలేను. మీరూ ఎవరికీ ఇవ్వకండి.

మొత్తం బ్యాలెన్స్‌నో, అవసరమైతే అదే నంబరు మిషను మొత్తాన్నో ఇంకో వాచీ నుంచి తెచ్చి పెట్టడం రెండోది. ఇది త్వరగా అవుతుంది. పాతదాన్ని పారేయకుండా డబ్బాలో దాచుకోవచ్చు, రేపు స్టాఫ్ దొరికితే తిరిగి పెట్టుకోవచ్చు. వెనక్కి రావడానికి దారి ఉంది కనుక ఇది నాకు నచ్చుతుంది. అయితే అదే నంబరు కావాలి. కాస్త దగ్గరగా ఉందని వేరేది, ఉదాహరణకు హెచ్ఎంటీ మిషను పెడితే డయల్ కాళ్లు (డయల్ వెనకుండే చిన్న మేకులు) దాని రంధ్రాల్లో కూర్చోవు, కీ కడ్డీ కేసు రంధ్రానికి ఎదురుగా రాదు. ఆ తరవాత మొదలయ్యేది ఆకురాయి పని.

బ్యాటరీ మిషను సరిగ్గా ఆ ఆకురాయి దారే. డయల్ కాళ్లు కోస్తారు, కేసు లోపల అరగదీస్తారు. సమయం మీ నాన్నగారి రేడియో కంటే బాగా చూపిస్తుంది, అందులో సందేహం లేదు. కాకపోతే పొద్దున కాఫీకి ముందు ఆయనకు పని ఉండదు. కోసిన కాళ్లు మళ్లీ మొలవవు. ఏడాదికి నాలుగుసార్లు చూసుకునే అలంకారపు వాచీ అయితే నేను అభ్యంతరం చెప్పేవాడిని కాదు.

బాగుచేయించకుండా అలాగే ఇవ్వడం కూడా ఒక దారే, నవ్వకండి. ఆగిపోయిన వాచీని, పొట్లాలు కట్టిన పార్టులతో సహా మనవడికి ఇచ్చి, నువ్వు బాగుచేయించుకోరా అనవచ్చు. మొదటి జీతాలు అందుకుంటున్న పిల్లవాడికి అది బరువేమీ కాదు. కానీ నలుగురిలో ఆగిన గడియారం ఇవ్వడాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లు అశుభమంటారేమో, మీకే తెలియాలి.

ఇక అక్కగారి దారి. ఆవిడను తప్పుపట్టను, తండ్రి ఆ రోజు నొచ్చుకోకూడదన్నదే ఆవిడ బెంగ. అయితే రెండు సంగతులు చూడండి. ఇప్పుడు అమ్మకానికి వచ్చే పాత వాచీల్లో చాలావాటికి డయల్ కొత్తగా రంగు వేసి, లోపల రెండు మూడు వాచీల పార్టులు కలిపి అతుకుతారు. విదేశాల్లో సేకరించేవారు వాటికి ‘ముంబై స్పెషల్’ అని పేరే పెట్టారు. ఒరిజినల్ అని మురిసి కొంటారు, ఆరు నెలల్లో మళ్లీ రిపేరు దుకాణం మెట్లెక్కుతారు. రెండోది, కళ్లకు శుక్లాలు వచ్చాయి సరే, బొటనవేలికి రావు కదా. 1971 నుంచి రోజూ పొద్దున ఆ కీ తిప్పిన వేళ్లవి. ఎన్ని తిప్పులకు బిగుస్తుందో, ఎక్కడ గరగరమంటుందో వాటికి తెలుసు. ఆయన కనిపెట్టి కూడా నలుగురిలో ఏమీ అనకుండా మనవడి చేతికి కట్టేస్తే? అప్పుడు అబద్ధం ఆయన కూడా మోయవలసి వస్తుంది. ఇది జరగకపోవచ్చు. జరిగితే మీరు తట్టుకోగలరా అన్నది మీరు తేల్చుకోవాలి.

మీ ఆవిడ మాట గురించి. నిజం చెబితే ఏమవుతుందో మీ ఉత్తరంలో ఎక్కడా రాయలేదు, గమనించారా? ‘ఆయన తట్టుకోలేరు’ అని మాత్రం రాశారు. ముప్పై ఏడేళ్లు రైలు చివరి పెట్టెలో రాత్రీ పగలూ తిరిగిన మనిషి, వెయ్యి పున్నములు చూసిన మనిషి, ఒక స్ప్రింగు ఎగిరిపోయిందంటే తట్టుకోలేరా? కోప్పడతారు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ‘లెక్చరర్‌వి, కీ దించకుండా ఎవడైనా విప్పుతాడా’ అని బంధువుల ముందు మాఘం దాకా దెప్పుతారు కూడా. మీరు భయపడుతున్నది ఆయన గుండెకా, ఆ దెప్పుడుకా అన్నది మీరు ఒంటరిగా కూర్చుని తేల్చుకోండి. డాక్టరు నిజంగా ఆయనకు ఉద్వేగం కూడదని చెప్పి ఉంటే వేరే సంగతి. అప్పుడు ముందు వాచీ పని మొదలుపెట్టి, నంబరు చేతిలో పెట్టుకుని, దారి దొరికిందన్న కబురుతో పాటే తప్పు కూడా చెప్పవచ్చు. ఆ క్రమంలో చెబితే వినడం సులువు. కాకపోతే ఆలస్యమైన కొద్దీ మాఘం దగ్గరపడుతుంది.

ఇక మూత లోపలి గీతలు. వాటిని నునుపు చేయించవద్దు, దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వద్దు. ఎవరూ పాడుచేయలేదు. వాచీ బాగుచేసినవారు తమ గుర్తు, నెల, ఏడు సూదితో మూత లోపల గీసిపెట్టడం పాత ఆచారం. ఆరు నెలల్లో తిరిగొస్తే అది తన పనో, ఇంకొకరి పనో తెలియడానికి. మా మామయ్య చిన్న నెలవంక గీసేవాడు. కాబట్టి ఈ వాచీ సర్వీసు చరిత్ర ఆ మూతలోనే ఉంది. 1958 మార్చిలో తాతగారు ‘కె’ దగ్గర బాగుచేయించారు. ‘ఎస్’ అనే మనిషి 1966 సెప్టెంబరులో ఒకసారి, 1974 ఫిబ్రవరిలో ఒకసారి తెరిచాడు. మొదటిసారి తాతగారి చేతి నుంచి, రెండోసారి మీ నాన్నగారి చేతి నుంచి తీసుకున్నాడు. అంటే తండ్రి నమ్మిన మనిషి దగ్గరికే కొడుకూ వెళ్లాడన్నమాట. 89లో ఎవరు తెరిచారో తెలియదు.

ఆ ‘ఎస్’ ఎవరు? ఏ ఊళ్లో కూర్చునేవాడు, ఆ దుకాణం ఇప్పుడు కొడుకో అల్లుడో నడుపుతున్నాడా, పాత మెటీరియల్ సొరుగులు అలాగే ఉన్నాయా? అప్పట్లో స్టాఫ్ మార్చాడా, మిషనే మార్చాడా? 1974లో మిషను మార్చి ఉంటే మీరు తాతగారిదనుకుని ఏడుస్తున్నది అసలు తాతగారిది కాకపోవచ్చు. ఇవన్నీ చెప్పగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన మీ ముందు గదిలో కూర్చుని వారానికోసారి ‘‘వాచీ వచ్చిందా?’’ అని అడుగుతున్నారు. ఎనిమిది నెలలుగా మీరు ఆయనకు సమాధానం చెబుతూ వచ్చారు గానీ, ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, మూతను మాత్రం ఒకసారి ఆయన చేతిలో పెట్టి, భూతద్దం ఇచ్చి, చదవమనండి. నాలుగో గుర్తు మీకు చదవడానికి రాలేదన్నారు. ఆయనకు కళ్లతో పని ఉండకపోవచ్చు.